తిరుపతికి రెండో బతుకుతెరువు

2020 మార్చి 20న తిరుమలలో శ్రీవారి దర్శనం ఆపేశారు. మామూలు భక్తులను మళ్లీ కొండ మీదికి రానిచ్చేసరికి జూన్ రెండో వారం వచ్చింది. ఆ రెండున్నర నెలలూ తిరుపతి ఎలా ఉందో చూసినవాళ్లు మరిచిపోలేరు. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకు తాళాలు పడ్డాయి. కొండకు తిరిగే జీపులు కదల్లేదు. టిఫిన్ సెంటర్లు, పూలకొట్లు, దేవుడి పటాలు అమ్మే దుకాణాలు, లాడ్జీల దుప్పట్లు ఉతికే లాండ్రీలు అన్నీ ఒకేసారి మూతపడ్డాయి. లాక్‌డౌన్ సడలించాక రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మొదలయ్యాయి గానీ, లాడ్జీ గదులు మునుపటిలా నిండటానికి చాలా నెలలు పట్టింది.

ఒక్క రాబడి మీదే నిలబడ్డ ఊరికి ఉండే ఇబ్బంది ఇది. కొండ పెట్టిన అన్నాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. రోజూ అరవై, డెబ్బై వేల మంది వచ్చిపోయే ఊళ్లు దేశంలో ఎన్ని ఉన్నాయి? అయితే ఆ రాబడి తీరు వేరు. భక్తుడు ఒకటి రెండు రోజులు ఉంటాడు. గది, భోజనం, ప్రయాణం, ప్రసాదం దగ్గర అతని ఖర్చు అయిపోతుంది. దాని చుట్టూ పుట్టే పనుల్లో ఎక్కువ భాగం రూమ్ బాయ్, డ్రైవర్, కౌంటర్ మీద మనిషి. మరో పక్క ఈ ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. 2015లో ఐఐటీ, సైన్స్ చదువుల ఐసర్ రెండూ వచ్చాయి. ఇన్ని చదువులు చెప్పే ఊరు, చదువు పూర్తయిన పిల్లలను బెంగళూరు బస్సో చెన్నై రైలో ఎక్కించి పంపేస్తోంది.

మరి రెండో బతుకుతెరువు ఏది? ఐటీ పార్కు అని చాలామంది అంటారు. రెండు పెద్ద ఐటీ నగరాలు నాలుగైదు గంటల ప్రయాణం లోపలే ఉండగా, మూడోది ఇక్కడ మొలకెత్తటం కష్టం. ఎలక్ట్రానిక్స్ కొంత నిలదొక్కుకుంది. రేణిగుంట, వికృతమాల, శ్రీసిటీలలో టీవీలు, వాటి ప్యానెళ్లు, ఫోన్ విడిభాగాలు తయారవుతున్నాయి, వేలమంది ఆడపిల్లలకు ఉద్యోగాలు దొరికాయి. అది మేలే. కానీ డిజైన్ ఒకచోట, బ్రాండ్ ఇంకోచోట, ఇక్కడ జరిగేది బిగింపు పని. రాయితీల గడువు తీరితే ఆ లైను ఇంకో రాష్ట్రానికి తరలటానికి పెద్ద అడ్డేమీ ఉండదు.

ఇంధన రంగం సంగతి అలా కాదు. బ్యాటరీలు, సోలార్, విద్యుత్ వాహనాలు, చెత్త నుంచి గ్యాస్ వంటి వాటికి తిరుపతిలో పనితనం ముందే ఉంది, కొనేవాళ్లు ముందే ఉన్నారు. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవటమే ఇక్కడి లోటు.

ఈ ప్రాంతం ఇంధన పరిశ్రమను రెండు రకాలుగా చూసింది. రెంటినీ పక్కపక్కన పెడితే చాలా విషయాలు తెలుస్తాయి.

మొదటిది తిరుపతి పక్కనే ఉన్న కరకంబాడి. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో బ్యాటరీలు చేసే అమరరాజా సంస్థను మొదలుపెట్టారు. అప్పట్లో బ్యాటరీ అంటే తరచూ డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఉండాల్సిన వస్తువు. దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు డిజిటల్‌కు మారుతున్న ఆ కాలంలో, నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ బ్యాటరీలకు గిరాకీ పుట్టింది. టెలికాం, రైల్వే శాఖలు ఖాతాదారులయ్యాయి. 1997లో జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామిగా వచ్చింది, 2000లో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీ బజారులోకి దిగింది. ముందు ఒక అవసరం కనబడింది, దానికి సరిపడే పనితనం నేర్చుకున్నారు, ఆ తర్వాత విస్తరించారు. సీసం కరిగించి జాలీలుగా పోత పోయటం, ఆక్సైడ్ ముద్దను వాటికి సమంగా పట్టించటం, ఆరబెట్టి యాసిడ్‌లో ఉంచి మొదటి చార్జింగ్ ఇవ్వటం వంటి పనులన్నీ కరకంబాడి, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల పిల్లల చేతికి వచ్చాయి. ముద్ద మందం కొంచెం అటూ ఇటూ అయితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఆ తేడాను పట్టగల మనుషులు ఒక్క రోజులో తయారు కారు.

రెండోది మన్నవరం. శ్రీకాళహస్తి దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్టీపీసీ, భెల్ కలిసి విద్యుత్ కేంద్రాల పరికరాల ఫ్యాక్టరీ పెడతామన్నాయి. 2010 సెప్టెంబర్ 1న ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. 6,000 కోట్ల పెట్టుబడి, 750 ఎకరాల స్థలం అన్నారు. చుట్టుపక్కల భూముల ధరలు రాత్రికి రాత్రి పెరిగాయి, వేల ఉద్యోగాలు వస్తాయని కుర్రవాళ్లు ఎదురుచూశారు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే దేశంలో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రాల ఆర్డర్లు పడిపోయాయి. ఉన్న ఫ్యాక్టరీలకే చేతినిండా పని లేని భెల్‌కు మరో ఫ్యాక్టరీ అవసరం లేకపోయింది. బొగ్గునూ బూడిదనూ తరలించే పరికరాల తయారీని మించి మన్నవరం ఎదగలేకపోయింది.

మన్నవరాన్ని రాజకీయం చంపిందని ఇప్పటికీ వాదిస్తుంటారు. రాజకీయాల పాత్ర ఎంతైనా కావచ్చు, అసలు లోపం మాత్రం పుట్టుకలోనే ఉంది. ఆ ఫ్యాక్టరీ చేసే వస్తువుకు ఈ ప్రాంతంలో కొనేవాడు లేడు, దాన్ని చేసిన అనుభవం ఉన్నవాడూ లేడు. నిర్ణయం ఢిల్లీలో జరిగింది, అది మారింది కూడా అక్కడే. ఒకే సాంకేతికత మీద, ఒకే రకం ఆర్డర్ల మీద ఆధారపడ్డది కాబట్టి బొగ్గు చల్లబడగానే అదీ చల్లబడింది.

కరకంబాడి కథ కూడా పూర్తిగా తీపి కాదు. సీసం విషం. పిల్లల ఒంట్లోకి చేరితే మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, పెద్దల్లో మూత్రపిండాలను, నరాలను పాడుచేస్తుంది. 2021లో కాలుష్య నియంత్రణ మండలి అమరరాజా కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లకు మూసివేత ఉత్తర్వులు ఇచ్చింది. హైకోర్టు వాటిని నిలిపివేసింది. రాజకీయ కక్ష అని ఒకరు, కాలుష్యం నిజమని ఇంకొకరు అన్నారు. ఈ రెండు వాదనల మధ్య వేల కుటుంబాలు టెన్షన్‌తో బతికాయి, ఉద్యోగం పోతుందేమోనని కొందరు, బోరు నీళ్లు తాగొచ్చో లేదోనని కొందరు. కార్మికుల రక్తంలో సీసం ఎంతుందో, చుట్టుపక్కల మట్టిలో, చెరువు నీళ్లలో ఎంతుందో క్రమం తప్పకుండా పరీక్షించి ఊళ్లో బోర్డు మీద రాసిపెట్టే పద్ధతి ఉంటే, ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లే ముందే ఎవరి మాట నిజమో అందరికీ తెలిసేది. ఇంధన పరిశ్రమ కావాలనేవాళ్లే ఈ లెక్క గట్టిగా అడగాలి. పరిశ్రమ మీద ఊరికి నమ్మకం పోతే ఎన్ని రాయితీలిచ్చినా అది నిలవదు.

ఫోన్లలో, విద్యుత్ వాహనాల్లో వాడే లిథియం బ్యాటరీల వైపు తిరిగేసరికి కథ మరో మలుపు తీసుకుంది. 2022 డిసెంబర్‌లో అమరరాజా తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్లు పెట్టి 16 గిగావాట్ అవర్ల (ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల యూనిట్లు) దాకా లిథియం సెల్ సామర్థ్యం కల్పించటం ఆ ఒప్పందం. పాత బ్యాటరీల నుంచి సీసం తీసే కొత్త ప్లాంటుకు తమిళనాడులోని చెయ్యార్‌ను ఎంచుకుంది. అంటే ఊళ్లో పుట్టిన కంపెనీ రేపటి బ్యాటరీని ఒక పొరుగు రాష్ట్రంలో, పాత బ్యాటరీకి కొత్త రూపు ఇచ్చే పనిని ఇంకో పొరుగు రాష్ట్రంలో పెట్టుకుంది. తిరుపతికి ఇది చిన్న దెబ్బ కాదు. కంపెనీలు తమ లాభనష్టాలు చూసుకుంటాయి, తప్పుబట్టలేం. ఊరు మాత్రం ఒక్క కంపెనీనే ఇంధన పరిశ్రమ అనుకుంటే, ఆ కంపెనీ గడప దాటిన రోజు మిగిలేది పాత షెడ్లే.

లిథియం తిరుపతికి కొత్తేమీ కాదు. 2015లో ఇక్కడ ఏర్పాటైన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లలో ఒకదానిలో చెన్నైకి చెందిన మునోత్ సంస్థ 165 కోట్లతో లిథియం సెల్ ప్లాంటు పెట్టింది. 2022 సెప్టెంబర్‌లో దాని ప్రయోగాత్మక ఉత్పత్తిని కేంద్ర మంత్రి ప్రారంభించినప్పుడు, దేశంలోనే మొదటి లిథియం సెల్ ప్లాంటు అని చెప్పారు. సామర్థ్యం 270 మెగావాట్ అవర్లు, రోజుకు 20 వేల సెల్స్, అవీ పవర్ బ్యాంకుల కోసం. దివిటిపల్లి లక్ష్యం దీనికి దాదాపు అరవై రెట్లు. సెల్ తయారీలో ఇంత తేడా ఉంటే ధరలో పోటీ పడటం దాదాపు అసాధ్యం. చైనాతో పోటీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే తిరుపతి సెల్ ఫ్యాక్టరీల కోసం పరుగు పందెంలో దిగటం తెలివైన పని కాదనిపిస్తుంది. సోలార్ సెల్స్‌దీ అదే దారి. ప్రీమియర్ ఎనర్జీస్ 4 గిగావాట్ల సోలార్ సెల్ ప్లాంటుకు నాయుడుపేటను ఎంచుకుంది. రావాల్సిందే, స్వాగతించాల్సిందే. అయితే ఇలాంటి ప్లాంట్లలో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. అతి శుద్ధమైన నీళ్లు, రసాయనాలు పెద్ద మొత్తంలో కావాలి. వేసవిలో తాగునీటికి తెలుగుగంగ వైపు చూసే ప్రాంతం ఇది. పెట్టుబడి అంకె చూసి ఉద్యోగాల అంకె ఊహించుకుంటే మన్నవరం నాటి ఆశాభంగమే మళ్లీ ఎదురవుతుంది.

ఇక కొనేవాళ్ల సంగతి. తిరుపతికి దేశంలో మరే మధ్యతరహా నగరానికీ లేని బలం ఇక్కడుంది.

2002లో తిరుమల నిత్యాన్నదానం వంటశాలకు సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే వ్యవస్థ పెట్టారు. అప్పటికి ప్రపంచంలో ఆ తరహా వాటిలో అతి పెద్దది. 106 పుటాకారపు అద్దాలు, ఒక్కొక్కటి తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. అవి సూర్యుడి వెంట నెమ్మదిగా తిరుగుతూ వెలుగునంతా ఒకే చోటికి మళ్లిస్తాయి. అక్కడి నీరు 180 డిగ్రీల ఆవిరై గొట్టాల గుండా వంటశాలకు చేరి అన్నం, సాంబారు ఉడికిస్తుంది. రోజుకు 15 వేల మందికి రెండు పూటలా సరిపోయే లెక్కతో కట్టారు. మబ్బు పట్టిన రోజుకు పాత బాయిలర్ ఉండనే ఉంది. ఇంత గొప్ప ఏర్పాటును చేసి ఇచ్చింది గుజరాత్‌లోని వల్సాడ్‌కు చెందిన కంపెనీ. ఆ తర్వాత అలాంటి వ్యవస్థలు దేశంలో ఇతర క్షేత్రాలకూ, ఆశ్రమాలకూ వెళ్లాయి. ఆ ఇరవై ఏళ్లలో తిరుపతిలో ఆ అద్దాలు బిగించే, బాగుచేసే, మెరుగుపరిచే వర్క్‌షాపులు నాలుగు పుట్టి ఉంటే, దక్షిణాదిలో ప్రతి హాస్టల్‌కూ, ప్రతి గుడి వంటశాలకూ వాళ్లే వెళ్లేవారు. కొండ కొనింది, ఊరు నేర్చుకోలేదు. తిరుమల కొండల్లోని కాకులకొండ మీద తిరిగే గాలిమరల విషయంలోనూ జరిగింది ఇదే.

బస్సుల దగ్గర ఇదే అవకాశం మళ్లీ వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ఆర్టీసీ తిరుపతికి 100 విద్యుత్ బస్సులు తెచ్చింది. అందులో 50 ఘాట్ రోడ్డుకే. అలిపిరి నుంచి తిరుమల దాదాపు 650 మీటర్ల ఎత్తు. జనంతో కలిపి 12 టన్నుల బస్సు అనుకుంటే, రోడ్డు రాపిడి, గాలి అన్నీ పక్కన పెట్టినా, ఆ ఎత్తుకు ఎక్కటానికే 21 యూనిట్ల కరెంటు కావాలి. దిగేటప్పుడు డీజిల్ బస్సు ఆ శక్తినంతా బ్రేకుల్లో వేడిగా పోగొడుతుంది. విద్యుత్ బస్సు మోటారు అప్పుడు జనరేటర్‌గా మారి అందులో కొంత తిరిగి బ్యాటరీకి పంపుతుంది. ఇలా రోజుకు ఎన్నోసార్లు బరువుతో ఎక్కుతూ, చార్జ్ అవుతూ దిగే బ్యాటరీ ఎండాకాలంలో ఎలా వేడెక్కుతుంది, ఎన్నేళ్లకు ఎంత బలం కోల్పోతుంది అన్నది మైదానంలో తిరిగే సిటీ బస్సు చెప్పలేదు. ఊటీ నుంచి సిమ్లా దాకా కొండ దారుల్లో విద్యుత్ బస్సులు నడపాలనుకునే వాళ్లందరికీ ఈ సమాచారం విలువైనది. అది పుడుతున్నది అలిపిరి డిపోలో. బస్సు కొనకుండా కిలోమీటరుకు ఇంత అని అద్దె కట్టే ఒప్పందం కాబట్టి, నడిపే కంపెనీ చేతికే ఆ సమాచారం వెళ్తుంది. డిపోకు ఓ ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది.

ఇక ఇళ్ల కప్పులు. 2024లో వచ్చిన ఇంటి కప్పు సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రాయితీ ఇస్తున్నారు. 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఈ ఎండకు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, ఓ మూడు వందల చదరపు అడుగుల డాబా చాలు. 2025లో నారావారిపల్లె, దాని చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ ప్యానెళ్లు పెట్టారు. ఇందులో ఊరికి మిగిలే పని ఎంత? ఖర్చులో సుమారు సగం ప్యానెళ్లకే పోతుంది, అది బయటి ఫ్యాక్టరీలది. మిగతా సగంలో ఇన్వర్టర్, ఇనుప స్టాండ్లు, కేబుళ్లు, ఎర్తింగ్, కూలీ, విద్యుత్ పంపిణీ సంస్థ కాగితాల పని, పాతికేళ్ల నిర్వహణ ఉన్నాయి. ఉద్యోగాలు ఉన్నది ఇక్కడే. కొండ కింద కాలనీల్లో కోతులు డాబాల మీద కేబుళ్లు లాగేస్తాయని, వాటిని ఇనుప గొట్టంలో పంపాలని ఇక్కడి ఎలక్ట్రీషియన్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. నవంబర్ వానలకు ఏ డాబా కారుతుందో, బోల్టు దిగ్గొట్టిన చోట ఏం పూయాలో వాళ్లకు తెలుసు. తెలియనిది ఇన్వర్టర్ విప్పి బోర్డు బాగుచేయటం. అది పాడైతే చాలా సందర్భాల్లో పెట్టెలో పెట్టి బయటి ఊరికి పంపటమే. అది తిరిగొచ్చేదాకా రాయితీ మీద కొన్న ప్యానెళ్లు ఊరికే ఎండలో పడి ఉంటాయి. రేణిగుంటలో టీవీల సర్క్యూట్ బోర్డులు బిగించే పిల్లలున్న ఊళ్లో ఈ పనికి మనుషులు లేరనటం అర్థం లేని మాట. ఆరు నెలల కోర్సు, ఒక పరీక్షల లేబొరేటరీ, విడిభాగాలకు ఒక డిపో ఉంటే చాలు.

చిత్తూరు వైపు లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ ఎండ కన్నా మామిడి ముఖ్యం. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు జూన్, జూలైలలో రాత్రింబవళ్లు నడుస్తాయి. కాయ బరువులో మూడో వంతుకు పైగా తొక్క, టెంక రూపంలో బయట పడుతుంది. 2025లో ధర కుప్పకూలినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 చేయాల్సి వచ్చింది. తొక్కల నుంచి గ్యాస్ తీసి ఆ ఫ్యాక్టరీ బాయిలర్‌కే వాడితే కట్టెల ఖర్చు తగ్గుతుంది, రైతుకు రూపాయి ఎక్కువ ఇచ్చే వీలు కొంతైనా పెరుగుతుంది. చిక్కు ఏమిటంటే సీజన్ రెండు మూడు నెలలే. మిగతా ఏడాది ఆ ట్యాంకుకు పాడి పేడ, కూరగాయల మార్కెట్ వ్యర్థాలు, హోటళ్ల తిండి కావాలి. తిరుపతి నగరపాలక సంస్థ తూకివాకం దగ్గర తడిచెత్త నుంచి గ్యాస్ తీసే పని ఇందుకు దారి చూపుతుంది. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడకపోయి ఉంటే చెరకు పిప్పితో కరెంటు కూడా ఈ లెక్కలోకి వచ్చేది. ఆ అవకాశం చేజారింది.

దేవస్థానం డబ్బుతో పరిశ్రమలు పెంచమని ఎవరైనా అడిగితే అది తప్పు. అది భక్తుల కానుక, దానికి దాని ధర్మం ఉంది. స్థానిక కాంట్రాక్టర్లకు ఎక్కువ ధర ఇవ్వమనటం అంతకన్నా తప్పు, అలా వెళ్తే పనితనం కాదు, పైరవీ పెరుగుతుంది. అడగాల్సింది వేరే ఉంది. కొండ మీద, ఆర్టీసీలో, ఎస్పీడీసీఎల్‌లో, నగరపాలక సంస్థలో ఎలాగూ కొంటున్న వస్తువుల టెండర్లలో కొన్ని షరతులు చేర్చటం. మరమ్మతు కేంద్రం ఇక్కడే ఉండాలి. వ్యవస్థ ఎలా పనిచేస్తోందన్న సమాచారం స్థానిక ఇంజనీరింగ్ కాలేజీలకు అందాలి. ఏటా ఇంతమంది పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు అప్రెంటిస్ పని ఇవ్వాలి. వస్తువు ఎక్కడ తయారైనా ధర, నాణ్యతల్లో రాజీ ఉండదు, పనితనం మాత్రం ఊళ్లో మిగులుతుంది. ఎస్పీడీసీఎల్ చేయగలిగింది ఇంకొకటి ఉంది. సోలార్ మధ్యాహ్నం పొంగుతుంది, లాడ్జీల్లో గీజర్లు, ఏసీలు తెల్లవారుజామున, రాత్రి వేళల్లో నడుస్తాయి. నడుమ నిల్వ చేసే బ్యాటరీలకు తిరుపతి లాడ్జీల వీధుల కన్నా మంచి పరీక్షా స్థలం దొరకదు. నిల్వ చేసిన కరెంటుకు రాత్రి వేళ మెరుగైన రేటు ఇస్తే లాడ్జీ యజమానులు తమంత తామే ముందుకొస్తారు.

రాష్ట్రం 2024 అక్టోబర్‌లో తెచ్చిన స్వచ్ఛ ఇంధన విధానం 10 లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అంటోంది. అంకెలు పెద్దవి. వాటిలో తిరుపతి వాటా ఎంతన్నది భూముల కేటాయింపును బట్టి కాక, ఇలాంటి చిన్న షరతులను బట్టే తేలుతుంది.

అన్నిటికన్నా ముందు గడువు ముంచుకొస్తున్నది బస్సుల బ్యాటరీల విషయంలో. కొండ ఎక్కలేనంత బలం తగ్గిన బ్యాటరీలో కూడా సుమారు డెబ్బై శాతం సామర్థ్యం మిగిలే ఉంటుంది. విప్పి, ఒక్కో సెల్‌నూ పరీక్షించి, మంచివి ఏరి కొత్త పెట్టెలో అమర్చితే లాడ్జీలోనో రైతు పంపుసెట్టు దగ్గరో మరికొన్నేళ్లు పనిచేస్తుంది. బ్యాటరీ వ్యర్థాలపై 2022 నాటి కేంద్ర నిబంధనలు ఇలా మళ్లీ వాడటానికి చోటిచ్చాయి. 2022లో వచ్చిన బస్సుల బ్యాటరీలు 2030 దాటాక వరుసగా దిగుతాయి. వాటిని ఎవరు విప్పాలన్నది ఇప్పటి ఒప్పందం ప్రకారం ఆపరేటర్ ఇష్టం. ఇకపై రాష్ట్రానికి వచ్చే విద్యుత్ బస్సుల ఒప్పందాల్లోనైనా, దిగిన బ్యాటరీని తిరుపతిలోనే పరీక్షించి, పనికొస్తే ఇక్కడే మళ్లీ వాడాలన్న ఒక్క వాక్యం చేర్చాలని ఆర్టీసీ పట్టుబట్టవచ్చు. ఆ పని తెలిసిన తొలి బ్యాచ్ బయటికి రావాలంటే కోర్సు 2027 నాటికి మొదలుకావాలి.